ఆ పిల్ల పేరు చదవకండి

పాస్టరుగారికి,

నేను చెబుతుంటే మా ఆయన రాస్తున్నారు. "దయచేసి" అని మొదలుపెడితే కొట్టేయించాను.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల ఇళ్లకు మమ్మల్ని సేవకు పంపింది మీరే. వాళ్ల కష్టాలు కనుక్కుని మీకు చెప్పాం. మీరు ఆదివారం మైకులో పేరూ గది నంబరూ చదివి ప్రార్థన చేయించారు. చదివిన ప్రతి ఇంటికీ సోమవారం పోలీసులొచ్చి, వీసా కాగితాల్లేవని వాళ్లను పట్టుకుపోయారు. కిటికీలోంచి చూస్తే గిన్నెలు పొయ్యి మీదే ఉన్నాయి. మన గుడిలో ఎవరు విని పోలీసులకు మోస్తున్నారో నాకు తెలియదు.

వాళ్లుండే మేడ నాలుగో అంతస్తులో, వాళ్లలోనే ఒక నిండు చూలాలుంది. నన్ను అమ్మా అంటుంది. "ప్రార్థనే కదే" అంటూ ఈయన ఆమె పేరూ మీకిచ్చారు. చదవకండి.

చదవక తప్పదంటే, ఆ గది నంబరుకు నా పేరు చదవండి. సోమవారం ఆ తలుపు నేనే తీస్తాను.