అయిదు గంటల దూరం

జావేదన్నా,

నీ కువైట్ నంబరు ఈడ కలవడం లేదు, అందుకే ఈ చీటీ. అమ్మను జమ్మలమడుగుకు తీసుకపోతాండాం. సాయంత్రం అసర్ నమాజు కాంగానే నాయన పక్కన మట్టి చేస్తాం. తాళంచెవి పక్కింటి గురవమ్మక్క కాడ ఉంది. రెండు ముద్దలు తిని, కాళ్లుచేతులు కడిగి వుజూ చేసుకొని, నేరుగా ఖబరస్తాన్‌కు రా.

పొద్దున ఆరుకు ఫ్లైట్ ఎక్కితే చెన్నైకి అయిదు గంటలే, పదకొండుకు దిగుతానంటివి. ఆడ నుంచి కారులో ఆరు గంటలు, సాయంత్రం అయిదుకు ఇంట్లో ఉంటావని అందరినీ ఆపినా. నువ్వు చెప్పింది కువైట్ టైమని, మనం రెండున్నర గంటలు ముందుంటామని, నువ్వొచ్చేసరికి రాత్రి ఏడున్నర అయితాదని, అమ్మ ఆ టైము పెట్టుకున్న గడియారం చూసినాకనే నాకు తట్టింది. రాత్రి పోయిన మనిషిని ఇంక ఉంచకూడదని మసీదు హజరత్ అన్నాడు. నువ్వన్నా ఒక మాట చెప్పాల్సింది గదన్నా.

ఇన్నేండ్లూ ఆ లెక్క అమ్మే చూసేది. "జావేదు డ్యూటీ దిగింటాడు, ఇప్పుడు ఫోన్ చేయండి" అనేది. ఈ పొద్దు అడగనీకి ఆమె లేదు.

ఇనాయత్

నీ మూడు పిడికిళ్ల మట్టి పక్కన పెట్టిస్తా. నువ్వొచ్చి అమ్మ గోరీ మీద వేసేదాకా నేను ఆడ నుంచి కదలను.