నైటీల కారులో నా వైపు బ్రేకు

ఒలే బుల్లిగుంటా,

నిన్ను పిలవకుండా ఏ కాగితమూ మొదలెట్టలేను. సచ్చిపోయినోళ్ళని పిలిచి వీలునామా రాయరని పక్కింటి ఈశ్వరి సెప్పింది. రాయరని నాకూ తెలుసు. కానీ కారు నువ్వు కొన్నది, దాని సంగతి నీకు తెలీకుండా ఎలాగ తేలుస్తాను? ఓ పక్కన కూకోని ఇను. మిగతాదంతా మీ నాన్నకీ, మీ ఆయనకీ.

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం కాపురస్తుడు సనపల జగన్నాధం గారి భార్య చిన్నతల్లి అను నేను, అరవై రెండేళ్ళ వయసున, ఐదో తరగతి సదువుతో, ఎవరి బలవంతమూ లేకుండా సొంత చేత్తో రాస్తన్న వీలునామా ఇది. నా బుర్ర సక్కగానే ఉన్నాది. జూన్ నెలలో నా ఒక్కగానొక్క కూతురు శైలజ పోయిన కాడి నుండి రెండుసార్లు పప్పులో ఉప్పు మరిసిపోయేను. ఒకసారి గేదె ముందర కాఫీ పెట్టేను. అంతే తేడా. గేదె కూడా ఏటీ అనలేదు.

ఇది నేను పోయేక సదవడానికి రాయలేదు. ఈ రోజే, మద్దేనం బోజనాలకి ముందు, ఈశ్వరి గట్టిగా సదవాల. నోటితో సెప్తే మావా అల్లుళ్ళు ఇద్దరూ మద్దెలో అడ్డొస్తారు. కాగితానికి ఎవరూ అడ్డు రాలేరు.

1. ఆస్తి వివరము. చిన్నకారు ఒకటి, 2008 నాటిది. కాగితాల్లో తెల్లరంగని ఉన్నాది, కాగితాల్లోనే ఉన్నాది. విజయనగరంలో మూసేసిన ఒక డ్రైవింగు స్కూలు కాడ 2011లో నా కూతురు కొని, నా పేరున రాయించింది. పోలీసోళ్ళు ఆపితే ఓనరుగారు దిగి మాట్లాడతారని నన్ను దింపేది. డ్రైవింగు స్కూలు బండి గనక ఎడమపక్క సీటు ముందర కూడా ఒక బ్రేకు ఉన్నాది, నేర్పే మాస్టారి కోసం. ఆ సీటు నాది. ఆ బ్రేకు సంగతి కిందన వస్తాది.

డిక్కీ నిండా నైటీలు పెట్టుకోని శైలజ సంతలు తిరిగేది. అందుకే ఊళ్ళో దానికి నైటీల కారని పేరు. పెళ్ళికెళ్ళినా ఆడోళ్ళు మూగి డిక్కీ తియ్యమనేవోరు. ఒకసారి తలంబ్రాల ఏళకి పెళ్ళికూతురి తల్లి కనపడలేదు. మా డిక్కీ కాడ ఉన్నాది.

2. కారు మంచిసెడ్డలు. ఈ విషయమై నా భర్తకీ, ఇంట్లోనే ఉంటన్న నా అల్లుడు ఉమాశంకర్‌కీ పద్నాలుగేళ్ళ తగువు. నా భర్త దాన్ని డబ్బా అన్నారు. హారను ఒక్క కుడివైపు తిరిగినప్పుడే మోగుతాది, ఎడమవైపు వచ్చినోడు సచ్చిపోవాలేటి అన్నారు. అల్లుడుబాబు ఏమో, మావా, నీ స్కూటరు ముప్పైసార్లు తన్నితే లెగుస్తాది, ఇది ఐదుసార్లు తాళం తిప్పితే సాలు, ఏది డబ్బా అనేవోడు. వైపరు ఒక్కటే ఉందని మావ అంటే, సూసే మనిషి ఒక్కడే కదా మావా అనేవోడు అల్లుడు.

ఒకసారి అరసవల్లి దర్శనానికి ఎల్తన్నాం. లీటరుకి ఎంత ఇస్తాదని ఇద్దరికీ పంతం వచ్చింది. పెట్రోలు ఎక్కడ అయిపోతాదో అక్కడ లెక్క తేలుతాదని బంకులన్నీ వదిలేసి పోయేరు. నరసన్నపేట ఇవతల ఆగిపోయింది. అక్కడి నుండి బంకు దాకా ఇద్దరూ దిగి తోసేరు. తోసినంత సేపూ ఎవడు ఎక్కువ తోస్తన్నాడని ఇంకో తగువు. శైలజ స్టీరింగు మీద తల పెట్టి కళ్ళంట నీళ్ళొచ్చేలాగ నవ్వింది. గుడి మూసేక సేరేం. సూర్యనారాయణమూర్తికి గోపురం కాడ నుండే దండం పెట్టేం.

3. జూన్ పదకొండో తారీకు. నైటీలు మడతెడతా శైలజ పడిపోయింది. అల్లుడుబాబు ఎత్తుకోని కారులో ఏసేడు. ఆ దినం ఒక్క తాళానికే స్టార్టయింది. పుట్టిన కాడి నుండి అది అలాగ ఎప్పుడూ స్టార్టవలేదు. ఎనక సీట్లో శైలజ తల వాళ్ళ నాన్న ఒళ్ళో. నాకు చోటు లేక ముందర, నా సీట్లో, కూకున్నాను. శ్రీకాకుళంలో డాక్టరు గారు సూసి, తలలో నరం పగిలిపోయిందమ్మా, గంట ముందు తెచ్చినా మేం సెయ్యగలిగింది లేదు అన్నారు. ఈ మాట మేం ముగ్గురం ఇన్నాం. ముగ్గురం నమ్మలేదు.

పదకొండో దినం కర్మ నాడు నా భర్త ఒక్క మాట అన్నారు. మంచి కారయ్యుంటే, అన్నారు. అంతే. అల్లుడుబాబు కారు తరఫున నోరెత్తలేదు. ఆ రోజు నుండి తగువు ఆగిపోయింది. పద్నాలుగేళ్ళు నా సెవులు తినేసిన తగువు అది. ఇప్పుడు ఇంట్లో గ్లాసు కింద పెడితే వీధి దాకా ఇనిపిస్తాది.

డబ్బా అన్న మనిషి రోజూ తెల్లారకుండా లేచి దాన్ని కడుగుతన్నారు. దాన్ని ఎనకేసుకొచ్చిన మనిషి తుక్కోళ్ళకి ఫోను సేసేడు, మంగళారం వస్తారట. ఆ తరవాత భోగాపురం ఎయిర్‌పోర్టు పనిలోకి ఎల్లిపోతానంటన్నాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిలబడి రెండు ముద్దలు మింగి బయటికి పోతన్నాడు. సొక్కా అల్లుడుబాబు మీద హేంగరుకి తగిలించినట్టు ఉన్నాది.

4. నా తప్పు. ఇది ఎవరికీ సెప్పలేదు. నాకు బండంటే బయం. లారీ కనపడితే ఎడమపక్క బ్రేకు నొక్కుతాను. మేక కనపడితే నొక్కుతాను. మలుపొస్తే, వంతెనొస్తే, ఏదీ రాకపోయినా, నొక్కుతాను. ఆ రోజు పాతపట్నం నుండి శ్రీకాకుళం దాకా నా కాలు దాని మీదే ఉన్నాది. ఇంకా స్పీడందుకోవేటే, లెగవే, అని అల్లుడుబాబు కారుని బతిమాలుకుంటన్నాడు. నేను కాలు తియ్యలేకపోయేను. ఐదు నెలలు నా కూతుర్ని నా కాలే సంపేసిందనుకున్నాను. ఆ కాలికి సెప్పు కూడా సరిగ్గా ఏసుకోలేదు.

పోయిన గురువారం, తుక్కోళ్ళు రాకముందు బేటరీ తీయించడానికి మెకానిక్కు నరసింగరావు వచ్చేడు. ఆయన మనిషి పాతపట్నం, షెడ్డు పర్లాకిమిడిలో. ఎంత నొక్కితే బండి ఎంత ఆగుతాదని అడిగేను. ఆయన కిందకి దూరి, బయటికొచ్చి, తల గోక్కున్నాడు. అమ్మా, ఈ పెడలు దేనికీ తగిలించి లేదు, ఉత్తిది, అన్నాడు. కారు కొన్న వారానికే మీ పాప నా సేత ఊడదీయించింది, మీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది, మా అమ్మ ఇలాగ నొక్కుకుంటా కూకుంటే సంతకి సేరేలోగా నైటీల ఫేషను మారిపోతాది అంది, అన్నాడు.

ఒలే గుంటా! పద్నాలుగేళ్ళు! ఎన్ని మేకల్ని కాపాడేననుకున్నాను! ప్రతిసారీ, అమ్మా నువ్వు నొక్కేవు గనక బతికేం అనేదానివి కదే! నవ్వొచ్చి కారు బానెట్టు మీద పడిపోయేను. తరవాత ఏడుపొచ్చింది. నరసింగరావు మంచినీళ్ళు ఇచ్చేడు.

కావున ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: నా కాలు ఆపలేదు. కారు ఆపలేదు. అల్లుడుబాబు సేతులు ఆపలేదు. శైలజ తలలో నరం దానంతటదే పగిలిపోయింది.

5. పై కారు సర్వహక్కులతో నా అల్లుడు ఉమాశంకర్‌కి, ఈ రోజు నుండే. తుక్కోళ్ళకి దాని మేకు కూడా దక్కరాదు. బాబూ, నిన్ను ఇక్కడ ఉండమని రాయలేదు. భోగాపురం ఎల్లు. బస్సులో కాదు, కారులో ఎల్లు. రేపు ఇంకో పిల్లని సేసుకుంటే ఆ పిల్లని నా సీట్లో కూకోబెట్టు. పెడలు తీసెయ్యకు. నొక్కుకోడానికి మనిషికి ఏదో ఒకటి ఉండాల.

6. కారు తాలూకు తగువు నా భర్తకీ, అల్లుడికీ సమాన వాటాలు. నెలకి ఒక ఆదివారం అల్లుడు కారేసుకోని వచ్చి తగువాడాల. ఎవరూ గెలవరాదు. నా భర్త దాన్ని ఒక్కసారైనా డబ్బా అనాల. కడిగినందుకు మినహాయింపు లేదు.

7. నైటీల బేరం ఈశ్వరికి. సిలకల బొమ్మల నైటీ మాత్రం నాది, శైలజ నాకోసం పక్కన పెట్టింది. సిగ్గేసి ఏసుకోలేదు. నన్ను సాగనంపినప్పుడు అదే తొడగండి. సూసినోళ్ళు నవ్వితే నవ్వనీండి.

8. నా ఆడపడుచు దుర్గాభవానికి స్టెప్నీ టైరు. కారు కొన్న ఏడే జరిగిన శైలజ పెళ్ళిలో మా కారు మేకల కంపు కొడతన్నాదని పదిమందిలో అని, తిరిగి అదే కారులో కాళ్ళు సాపుకోని ఇంటికెల్లింది. టైరులో గాలి లేదు. ఆవిడ కాడ ఉన్నాది.

పై సంగతులన్నీ జరిపించే బాద్యత ఈశ్వరిది.

పాతపట్నం, 2025 నవంబరు 9, ఆదివారం
సనపల చిన్నతల్లి, సొంత దస్కతు

సాక్షులు: ఈశ్వరి, మెకానిక్కు నరసింగరావు, పెడలు ఉత్తిదని కళ్ళారా సూసినవాడు

బాబూ ఉమాశంకర్, సదవడం అయిపోయింది. కందాబచ్చలి కూర వండేను, ఉప్పు రెండుసార్లు సూసేను. కూకోని కడుపు నిండా తిను.