ఏమీ లేదనే అలవాటు

అమకుసా,
నవంబరు 18

చెల్లెలు చిజురుకు అక్క కినుయె దీవెనలు.

తోటలో నారింజలు రంగు తిరుగుతున్నాయి, సముద్రపు గాలి ఎముకలు కొరికేస్తోంది. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను నిన్ననే ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాను. కంగారుపడకు, ముందు పూర్తిగా చదువు.

నీకు చెప్పలేదు గానీ, ఏడాదిగా తెల్లవారుజామున నా గుండెను ఎవరో పిండేస్తున్నట్టు ఉండేది. ఎండెక్కేసరికి మాయం. పగలు ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ శుభ్రంగా వచ్చేది, ట్రెడ్‌మిల్ మీద గుర్రంలా నడిచాను. పొద్దున మిసో సూప్ కాచే వేళకే వస్తుందేం, నీ గుండె మహా తెలివైందే అని మీ బావగారి వెక్కిరింత. ఆయన కాచిన సూప్ కుక్క కూడా ముట్టలేదు, అది వేరే సంగతి.

చివరికి మట్సునాగా అనే చిన్న వయసు డాక్టరమ్మ పట్టుకుంది. గుండె రక్తనాళంలో అడ్డేమీ లేదమ్మా, అదే ఉండుండి బిగుసుకుంటోందేమో, మేమే బిగిసేలా చేసి చూస్తాం అంది. దొంగ కోసం తలుపు తీసిపెట్టడమన్నమాట. మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి గుండె నాళంలో మందు వేశారు. నేను మెలకువగానే ఉన్నాను. అదే నొప్పి వచ్చింది. ఎలా ఉందమ్మా అని అడిగింది. మన ఇంటి ఆడదాన్ని కదా, ఏమీ లేదండీ, మీకే శ్రమ ఇస్తున్నాను అన్నాను. ఆవిడకు ఒళ్లు మండింది. తెర మీద మీ నాళం దారప్పోగులా కనిపిస్తుంటే ఏమీ లేదంటారేంటి, ఇక్కడ ఓర్చుకుంటే ప్రాణానికే చేటు అని కసిరింది. అప్పుడు, నొప్పి, అన్నాను. వెంటనే ఇంకో మందు వేశారు, నాళం విచ్చుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు పడుకునే ముందు మాత్ర, నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకోవడానికి స్ప్రే. సిగరెట్లు మానేశాను. ఆ కసంతా మీ బావగారి మీద తీర్చుకుంటున్నాను.

ఉంటాను,
నీ అక్క కినుయె

తా.క. నిజం చెప్పనా? నా ఒక్కదాని కోసమైతే ఆ పరీక్ష బల్ల ఎక్కేదాన్నే కాదు. నాన్న సంవత్సరీకానికి వచ్చినప్పుడు, తెల్లవారుజామున వంటింట్లో గుండె మీద పిడికిలి పెట్టుకుని నిలబడ్డావు. ఏమైందే అంటే, ఏమీ లేదక్కా, చలి అన్నావు. అమ్మ కూడా అలాగే నిలబడేది, అదే మాట అనేది. అలా అంటూనే ఓ వేకువన పొయ్యి దగ్గరే పోయింది. ఆ పరీక్షేమిటో ముందు నేను చూసొచ్చి నీకు చెప్పాలనుకున్నాను. నొప్పిగానే ఉంటుంది, కానీ లేచి ఇంటికొస్తాం. డాక్టరమ్మకు నీ సంగతి చెప్పాను, వచ్చే గురువారం నిన్ను రమ్మంది. బయట బల్ల మీద నేను కూర్చుని ఉంటాను. ఆవిడ అడిగినప్పుడు మాత్రం ఏమీ లేదనకు.