సాయంత్రానికి వాలే రెప్ప

జూన్ 4, సోమవారం
అమీర్‌పేట క్లాసు. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పింది విని టైపు చేయాలి. ఈ వారం పాఠం కండరాలు. ఎముకలకు అతుక్కున్నవి మన మాట వింటాయి. గుండెవీ పేగులవీ వినవు, వాటి పని అవి చేసుకుపోతాయి. ఇంకోటి — కండరం లాగుతుంది అంతే, నెట్టడం దానికి చేతకాదు. అందుకే జతలు. చెయ్యి మడిచేది ఒకటి, చాపేది ఒకటి. అప్పడాల కర్ర పట్టుకుని చేసి చూశాను. నిజమే!

ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కళ్లు సగం మూతలు. మాట ముద్దగా. అన్నం సగంలో వదిలేశారు. "ఆకలి లేదు." ఎక్కడ తినొచ్చినట్టు?

జూన్ 6
పొద్దున మాత్రం కడిగిన ముత్యం! జోకులు, ఇడ్లీలు, ఈలపాట. నేను నమ్మను.

జూన్ 7
చొక్కా వాసన చూశాను. ఏమీ లేదు. అంటే వాసన రాకుండా జాగ్రత్త పడుతున్నారన్నమాట.

జూన్ 9
కింద ఇంటి ఓనరమ్మ: "మీ ఆయన నిన్న రెయిలింగ్ పట్టుకొని మెట్లెక్కిండు బిడ్డా. జర చూసుకో." ఆ నవ్వొకటి... తల కొట్టేసినట్టయింది.

జూన్ 10, ఆదివారం
అడిగేశాను. "తాగుతున్నారా?"
"నువ్వు కూడానా?" అన్నారు. కూడా ఏంటి? ఇంకెవరు అడిగారు? అటు తిరిగి పడుకున్నారు.

పంజాగుట్ట చౌరస్తాలో ఎస్టీడీ బూత్. విజయవాడలో అన్నయ్యకి చెప్పేశాను. "ఆయన తాగుడు మొదలెట్టారు అన్నయ్యా." వచ్చే ఆదివారం వస్తాడట. "బట్టలు సర్దుకో" అన్నాడు.

జూన్ 12
టేపులో ఒక మాట వినపడలేదు. తోచింది కొట్టాను. సార్ చూశారు. "గిది యాడ విన్నవమ్మా? వినపడకపోతే ఖాళీ వదలాలె. సొంత కవిత్వం వద్దు. పేషెంటుకి లేని రోగం అంటగడ్తవ్." అందరి ముందూ! మొహం మాడిపోయింది.

జూన్ 14
ఇవాళ్టి టేపు. ఎవరో పేషెంటు — పొద్దున బాగుంటాడు. సాయంత్రానికి రెప్ప వాలిపోతుంది. నమలలేడు, మాట ముద్ద, మెట్లెక్కలేడు. నా వేళ్లు ఆగిపోయాయి.

సార్‌ని అడిగాను. "నరం చెప్పిన మాట కండరానికి సరిగ అందది. వాడేకొద్దీ అలసిపోతది. రెస్టిస్తే మళ్ల లేస్తది."

సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి, తల కదపకుండా పైన ఫ్యాను కేసే చూస్తూ ఉండమన్నాను. "ఏంటిది కొత్తగా?" అంటూనే చూశారు. ఎడమ రెప్ప మెల్లగా జారింది. ఎత్తాలని నుదురంతా ముడతలు పెడుతున్నారు... రెప్ప లేవడం లేదు.

ఆఫీసులో మేనేజరు కూడా తాగుతున్నావా అన్నాడట. రోగమని తెలిస్తే తీసేస్తారని భయం. "నాకు చెప్పడానికేంటి మీకు?" "నీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు." తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. అన్నం మెత్తగా పిసికి, పప్పు కలిపి పెట్టాను. మొత్తం తిన్నారు. ఇన్నాళ్లూ నమలలేకే వదిలేశారు. నేనేమో చొక్కాలు వాసన చూశాను.

జూన్ 16, శనివారం
సోమవారానికి నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను. రోగం పేరు మాత్రం ఇక్కడ రాయను. డాక్టరు చెప్పేదాకా ఖాళీ.

మళ్లీ బూత్‌కి పరుగెత్తాను. వదిన ఎత్తింది. "ఇప్పుడే రైలుకి బయల్దేరారమ్మా. మీ ఆయనకి నాలుగు చివాట్లు పెట్టి నిన్ను తీసుకొస్తానన్నారు." అయిపోయింది.

ఇంటికొచ్చి, పొద్దున అన్నయ్య వస్తున్నాడని మాత్రం చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పావా మీ అన్నయ్యకి? మంచి పని చేశావ్. డాక్టరు దగ్గరికి తోడుంటాడు."

నిజం చెప్పబోయాను. నోరు తెరుచుకోలేదు. దవడ కండరాలు మనం చెప్పినట్టు వినేవే కదా...