స్విచ్ఛాఫ్ అని రాసింది నేనే

మార్చి 4, సాయంత్రం

గోదాము ఓనర్ హత్య కేసులో నా వంతు పని అయిపోయింది. మేం అరెస్టు చేసిన వ్యాన్ డ్రైవర్ కాల్ రికార్డు పొద్దున వచ్చింది. హత్య జరిగిన రోజు మధ్యాహ్నం రెండింటికి కాస్త ముందు ఒక కాల్, గోదాము పక్క టవర్. ఆ తర్వాత కాల్ నాలుగు దాటాక, పక్క టౌన్లో. మధ్యలో ఏమీ లేదు. ఓనర్ తల పగిలింది ఆ మధ్యలోనే. ఆ పొద్దున బండికి గీత పడిందని వాళ్లిద్దరూ తిట్టుకోవడం వీధంతా విన్నది.

రిపోర్టులో రాశాను: రెండు నుంచి నాలుగు వరకు ఫోన్ స్విచ్ఛాఫ్.

మా ఇన్‌స్పెక్టర్‌ని చాటుగా ముక్కసార్ అంటాం. ఏ కాగితం ఇచ్చినా చదవకుండా ఇందులో ఒక్క ముక్క చెప్పు అంటాడు. ఇవాళ మాత్రం తనే చదివాడు. ఈ ఒక్క ముక్క చాలు, తప్పు చేయనివాడు ఫోన్ ఎందుకు ఆపుతాడు అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రికార్డులు చదవడంలో ఈ స్టేషన్లో నన్ను మించినవాళ్లు లేరు. అసలు చదివేదే నేనొక్కదాన్ని.

మార్చి 5

డ్రైవర్ తల్లి వచ్చింది. పొద్దుటినుంచీ బెంచీ మీదే కూర్చుంది. ఫోన్లు చూసే అమ్మాయి ఎవరని అందరినీ అడిగి చివరికి నా టేబుల్ దగ్గరికి చేరింది.

వాళ్లబ్బాయి ఎక్కడికి వెళ్లినా చేరగానే ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడట. ఆవిడ ఎత్తదు. మోగిందంటే చేరాడని అర్థం. ఆ రోజు కూడా మూడున్నరకి మోగింది తల్లీ, ఆపేసిన ఫోనైతే రింగు ఎలా ఇస్తాడు అంది.

రికార్డులో అలాంటిదేమీ లేదమ్మా అన్నాను. కాస్త కటువుగానే. రోజూ ఎవరో ఒక తల్లి వచ్చి మావాడు బంగారం అంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆవిడ నా కంప్యూటర్ వైపు చూసి, దానికి వినపడలేదేమో, నాకు వినపడింది అంది. చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మార్చి 6, మధ్యాహ్నం



ఎత్తని కాల్‌కి బిల్లు పడదు. మాకు కంపెనీ పంపేది బిల్లింగ్‌లోంచి తీసిన రికార్డు. అందులో మిస్డ్ కాల్ ఉండదు. ఇది నాకు తెలియదా అంటే తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది నేనే. కానీ ఖాళీ కనపడగానే చెయ్యి దానంతటదే స్విచ్ఛాఫ్ అని రాసేసింది. మా స్టేషన్లో ఖాళీని అలాగే అంటాం. మౌనం అర్ధాంగీకారం అంటారు. మేం దాన్ని పూర్తి అంగీకారం చేసేశాం.

డ్రైవర్ ఫోన్ చూద్దామంటే, అరెస్టు రోజు మా జీపు చక్రం కిందే పడి నుజ్జయింది. మిగిలింది ఆవిడ ఫోన్. పాత బటన్ల ఫోన్ అని స్టేట్‌మెంట్‌లో ఉంది. మిస్డ్ కాల్స్ ఆఖరి పదే దాస్తుంది. కొత్తది వస్తే అన్నిటికంటే పాతది పోతుంది.

ముక్కసార్‌కి చెప్పాను. రాసింది నువ్వే, కాదంటోందీ నువ్వే, నీకేమైనా పిచ్చా అన్నాడు. సోమవారం ఛార్జిషీట్ వేయాల్సిందేనట. ఆవిడ ఫోన్ కావాలంటే రేపు జీపు ఖాళీగా ఉంటే కానిస్టేబుల్‌ని తీసుకుని వెళ్లమన్నాడు.

అదే రోజు, సాయంత్రం ఆరు దాటాక

కొడుకు జైల్లో ఉంటే చుట్టాలు ఊరుకుంటారా? పలకరించడానికి ఒకరి తర్వాత ఒకరు చేస్తారు. ఎవరు చేసినా ఎత్తే అలవాటు ఆవిడకి లేదు. అన్నీ మిస్డ్ కాల్సే. లిస్టు నిండిపోతుంది. ఈ ఆలోచన రాగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. రేపటిదాకా ఎవరు చేసినా ఎత్తమ్మా అని చెబుదామని ఆవిడకి ఫోన్ చేశాను.

ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి మోగుతుండగా తెలిసింది నేను చేస్తున్నదేమిటో.

ఫోన్ మంచం మీదికి విసిరాను. ఏమైందని అడిగినందుకు మా ఆయన మీద అరిచాను. పాపం ఆయనేం చేశాడు.

మార్చి 7

ఆవిడ ఫోన్ లిస్టులో ఉన్నవి పది. పైన మూడూ నావి. అడుగున ఉన్నది ఆవిడ తమ్ముడు అరెస్టు రోజు చేసింది. కొడుకుది లేదు.

పక్కింటి కోడలు చెప్పింది, నిన్న మధ్యాహ్నం ఆవిడ అడిగితే తనే చూసిందట. అన్నిటికంటే కింద కొడుకు పేరే ఉందట, మూడున్నర అని కూడా ఉందట. ఆ తర్వాత చేసింది నేనొక్కదాన్నే. పక్కింటివాళ్ల మాట కోర్టులో ఎంత నిలబడుతుందో నాకు తెలుసు.

మీ అబ్బాయి కాల్‌ని తోసేసింది నేనేనమ్మా అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నిన్న మోగుతుంటే మావాడేమో, వదిలేశారేమో, దారిలో ఉన్నాడేమో అనుకుంటూ కూర్చున్నా తల్లీ అంది.

జీపు వెనక సీట్లో ఏడ్చాను. కానిస్టేబుల్ అన్న రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 8

ముక్కసార్ లిస్టులో నా నంబరు చూసి పడీ పడీ నవ్వాడు.

మార్చి 9, ఆదివారం

నన్ను కాస్త మాట్లాడించాలని మా ఆయన వేళాకోళానికి అడిగాడు, ఆ ముసలావిడకి చేసిన మూడు కాల్స్‌కి బిల్లెంత పడిందని. ఆవిడ ఎత్తనిదే బిల్లేమిటి, అవి లెక్కలోకే రావు అన్నాను.

అని, అక్కడే ఆగిపోయాను.

నా నంబరు రికార్డు నేనే అడగొచ్చు. ముక్కసార్ సంతకం అక్కర్లేదు. అప్పటికప్పుడు అప్లై చేశాను. మా ఆయన తను అంత తెలివైన మాట ఏమన్నాడో ఇంకా ఆలోచిస్తున్నాడు.

మార్చి 10

వచ్చింది. ఆరో తేదీ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా నా రికార్డు ఖాళీ. ఆవిడ ఫోన్లో మాత్రం నా కాల్స్ మూడూ ఉన్నాయి, టైముతో సహా.

రెండూ పక్కపక్కన పెట్టి కొత్త రిపోర్టు రాశాను. స్విచ్ఛాఫ్ అన్నది రికార్డు చెప్పింది కాదు, నేను కల్పించింది అని రాశాను. ముక్కసార్ దాన్ని ముట్టుకోలేదు. ఉద్యోగం చేయాలని లేదా అని మెల్లగా అడిగాడు. అరిస్తే పర్వాలేదు, ఆయన మెల్లగా మాట్లాడితేనే భయం. పాత రిపోర్టుతోనే ఛార్జిషీట్ వెళ్లింది.

కొత్తది డ్రైవర్ తరఫు లాయర్‌కి నేనే ఇచ్చాను.   ఆ డ్రైవర్ చంపలేదని నాకు తెలుసా? తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసినందుకే ఇంత దూరం వచ్చింది.

మార్చి 11

నా టేబుల్ మీద కంప్యూటర్ తీసేశారు. పాత ఫైళ్ల గదిలో కూర్చోమన్నారు. ఎవరూ పలకరించడం లేదు.

మార్చి 13

డ్రైవర్‌కి బెయిల్ ఇచ్చారు. ముందు ఆ మాట రాసేస్తే కుదురుగా ఉంటుంది.

లాయర్ అడిగితే నన్ను కోర్టుకి పిలిచారు. జడ్జిగారు నా పాత రిపోర్టు నాకే ఇచ్చి చదవమన్నారు. చదివాను. తర్వాత నా నంబరు రికార్డు చేతికిచ్చి, ఆరో తేదీ సాయంత్రానికి కూడా అదే పద్ధతిలో రిపోర్టు చెప్పమన్నారు.

చెప్పాను. ఐదు నుంచి ఏడు వరకు ఫోన్ స్విచ్ఛాఫ్.