అక్కకో బట్లర్

మార్చి 3, మంగళవారం

ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన బ్రోషర్ మూడోసారి చదివాను. ఓడ మీద ఏడు రాత్రులు. మా రిటైర్డ్ టీచర్ల గుంపంతా వెళ్తోంది. అక్కకీ నాకూ కలిపి ఒక గది కావాలి. ఒకటి ఇన్‌సైడ్ క్యాబిన్: కిటికీ లేదు, రెండు మంచాలు, వాటి మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. రెండోది సూట్: బాల్కనీ, సోఫా, బాత్‌టబ్, పైగా ఒక బట్లర్. ధర క్యాబిన్‌కి మూడింతలు.

బట్లర్ ఏం చేస్తాడని అడిగాను. పెట్టెలు విప్పి బట్టలు అల్మరాలో సర్దుతాడట. బూట్లు పాలిష్ చేస్తాడట. స్నానానికి నీళ్లు పడతాడట. తిండి గదిలోకే తెస్తాడట, ఆ సదుపాయం సూట్‌ల వాళ్లకి మాత్రమేనట. ఇందులో ఒక్కటీ చెయ్యకుండా మా ఆయన నలభై ఒక్క ఏళ్లు నాతో కాపరం చేశారు అన్నాను. ఏజెంటమ్మ నవ్వలేదు. ఇరవయ్యో తారీకు దాకా రెండు గదులూ పట్టి ఉంచుతానంది.

అసలు చిక్కు గదితో కాదు, అక్కతో. జనవరిలో వస్తానంది. ఓడ మీద జారని బూట్లు కూడా కొనుక్కుంది. ఇప్పుడు నువ్వెళ్లిరావే, నేను ఇల్లు చూసుకుంటానంటోంది. మా ఇంట్లో చూసుకోవడానికి ఏముంది? రెండు పడకగదులు, ఒక వంటిల్లు, కారే కొళాయి. కొళాయి తన పని తాను చూసుకుంటుంది.

మార్చి 5, గురువారం

కూతురు ఫోన్ చేసింది. బట్లర్ మాట ఎత్తగానే అంతెత్తున లేచింది. గది పడుకోవడానికేగా అమ్మా, తిండి ఎలాగూ పెద్ద హాల్లో, ఒకేసారి వెయ్యి మంది కూర్చుంటారట, ఈ వయసులో నీకు బూట్లు తుడిచేవాడెందుకు అంది. నిజమే అనిపించింది. కూతురి మాట నిజమని ఫోన్లో ఒప్పుకునే అలవాటు లేదు కనక, ఆలోచిస్తానన్నాను.

సాయంత్రం అక్కకి ఆ హాలు ఫొటో చూపించాను. షాండ్లియర్లు, ఎనిమిదేసి మందికి గుండ్రటి బల్లలు. ఇంకెక్కడా తినడానికుండదా అంది. ఉండదు, అందరం కలిసే, సరదా అదే కదా అన్నాను. అయితే నేను రాను అంది. ఎందుకో చెప్పదు. నాకు ఒళ్లు మండింది. నర్సింగ్ హాస్టల్లో ముప్ఫై నాలుగేళ్లు మెస్ సూపర్‌వైజర్‌వి, పూటకి మూడు వందల మందికి పెట్టినదానివి, ఇప్పుడు నలుగురి మధ్య కూర్చుని తినడానికి నామోషీ వచ్చిందా అన్నాను.

అక్క శాలువా భుజాల మీదకి లాక్కుని తన గదిలోకి వెళ్లిపోయింది. భోజనానికి రాలేదు. ఆకలి లేదే అంది తలుపవతల నుంచి.

మార్చి 6

అక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఈ సబ్జెక్టులో ఇద్దరం డిస్టింక్షన్.

మార్చి 8, ఆదివారం

ప్రయాణం కోసం అక్కకి కుట్టించిన కోటు ఇవాళ తెచ్చాం. ఆరు నెలల కిందటి పాత కొలతలతో కుట్టమన్నాను. వేసుకుంటే కోటు మాత్రం కనబడింది, అక్క లోపల ఎక్కడో ఉంది. టైలర్ అటూ ఇటూ గుండుసూదులు గుచ్చుతూ, ఈ కొలతలు ఈవిడవేనా అమ్మా, ఇంకో పెద్దావిడవా అని అడిగాడు. నేను రానన్నాక కోటెందుకే, ఉన్నది ఉన్నట్టు వదిలెయ్ అంది అక్క. టైలర్‌కి ఎవరి మాట వినాలో తెలియక సూదులు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి నా మాటే విని కోటు బిగించి కుట్టాడు.

దార్లో అడిగాను, ఎందుకిలా చిక్కిపోతున్నావని. మందులే, ఆకలి చంపేస్తున్నాయి అంది. ఆరు నెలల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది అక్కకి. డాక్టరు పార్కిన్సన్స్ అని పేరు పెట్టి మాత్రలు రాశాడు. మాత్రలతో వణుకు తగ్గిందంది. చెయ్యి ఎప్పుడూ శాలువాలోనే ఉంటుంది, తగ్గిందనే అనుకున్నాను. మందు మార్పించాలి.

మార్చి 10, మంగళవారం

మనవరాలు వచ్చింది. హోటల్లో ఉద్యోగం దానిది. గది మంచిదో కాదో బ్రోషర్ చదివితే తెలియదు అమ్మమ్మా, మా దగ్గర కొత్తగా చేరినవాళ్లని ముందు ఒక రోజు గెస్టుగా ఉంచుతారు, అప్పుడుగానీ పని అర్థం కాదు అంది.

ఫిజిక్స్ టీచరుని. ప్రయోగం అంటే నాకు ప్రాణం లేచొస్తుంది. అక్కడికక్కడే తీర్మానించాను: మూడు రోజులు అక్క గదే సూట్, అక్క గెస్టు, నేను బట్లర్. నచ్చితే సూట్, నచ్చకపోతే ఓడ మాట ఇంక ఎత్తను. నీకు పిచ్చా ఏమిటే అని అక్క నవ్వింది. వారం రోజుల్లో మొదటి నవ్వు.

మనవరాలు నాకు రూల్స్ చెప్పింది. తలుపు కొట్టాలి. రమ్మనేదాకా ఆగాలి. ట్రే పెట్టి బయటికొచ్చెయ్యాలి. నిలబడి చూడకూడదు. సలహాలివ్వకూడదు. చివరి రూలు నా కోసం అప్పటికప్పుడు కల్పించిందని నా అనుమానం.

మార్చి 11, ఉదయం 8

మేడమ్, బ్రేక్‌ఫాస్ట్ అన్నాను. లోపలికి రా, మొహం అలా పెట్టకు అంది. బట్లర్ మొహం మీద గెస్టులు కామెంట్ చెయ్యకూడదని రూల్స్‌లో చేర్పించాలి.

8.40

ట్రే బయటికొచ్చింది. రెండు టోస్టులూ లేవు. గుడ్డు లేదు.

మధ్యాహ్నం 1.30

అన్నం, కూర, పెరుగు. గిన్నెలు తుడిచిపెట్టినట్టున్నాయి. అక్క పారబోసిందేమోనని కిటికీ కింద పూలకుండీల్లో వెతికాను. మట్టి తప్ప ఏమీ దొరకలేదు. పక్కింటావిడ ఏం పోయిందండీ అని అడిగింది. నా తెలివి అని చెప్పాల్సింది, చెవిదుద్దు అన్నాను.

మార్చి 12, గురువారం

పొద్దున మూడు టోస్టులు పెట్టాను. మూడూ అయిపోయాయి. బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయే మనిషి. మందులు చంపేసిన ఆకలి గదిలోకి వెళ్లగానే ఎలా బతికొచ్చింది?

మధ్యాహ్నం రూలు తప్పాను. పెరుగు మర్చిపోయానన్న వంకతో తలుపు కొట్టకుండా తోశాను.

అక్క ట్రే మీదకి బాగా వంగి ఉంది. మెడ చుట్టూ తువ్వాలు. రెండు మోచేతులూ బల్లకి ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, స్పూన్‌ని నోటిదాకా నడిపిస్తోంది. తువ్వాలు మీద మెతుకులు. గడ్డం మీద మెతుకులు. నన్ను చూసి ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

క్షమించండి మేడమ్ అని తలుపు వేసేశాను.

పెరుగు గిన్నె పట్టుకుని వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ముప్ఫై మూడేళ్లు పిల్లలకి లోలకం పాఠం చెప్పాను. వెనక బెంచీలో ఎవడు కాలు ఊపుతున్నాడో బోర్డు మీద రాస్తూ చెప్పగలిగేదాన్ని. రోజుకి మూడు పూటలా ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి కనబడలేదు. కనబడలేదా, చూడలేదా? తగ్గిందని ఆవిడ చెప్పింది. నమ్మితే నాకు హాయి. నమ్మాను.

మార్చి 13, శుక్రవారం

పొద్దున్నే తలుపు కొట్టి, రమ్మనేదాకా ఆగి, లోపలికెళ్లాను. ఆ రోజు నామోషీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. అక్కర్లేదే, నామోషీయే అంది అక్క.

అప్పుడు చెప్పింది. జనవరి చివర లెక్కల టీచరు ఇంట్లో భోజనాలు. నేను వంటింట్లో నిలబడి ఆవిడతో సిలబస్ గురించి వాదిస్తున్నాను. ఇవతల బల్ల దగ్గర అక్క చేతిలో సూప్ ఒలికింది. ఒక్క క్షణం అందరూ నోళ్లు మూసుకున్నారట. తర్వాత అందరూ ఒక్కసారే, ఫరవాలేదండీ, మీరు కూర్చోండి, మేం తినిపిస్తాం అన్నారట. ఆ మంచితనం భరించలేకపోయానే అంది. కౌంటర్ వెనక నిలబడి ముప్ఫై నాలుగేళ్లు జనం తినడం చూశాను, ఎవరి కళ్లు ఎవరి ప్లేటు మీదకి పోతాయో నాకు తెలియదా అంది.

మరి నా ముందు సిగ్గేమిటి అన్నాను.

నీ ముందే అసలు. నువ్వు దిద్దుతావే అంది.

ఎర్ర పెన్ను చేతిలోంచి పోయి పదమూడేళ్లయింది. కళ్లలో ఉండిపోయినట్టుంది.

సూట్ తీసుకుంటున్నానన్నాను. ఇన్నాళ్లూ బట్లర్ విలువని బూట్ల పాలిష్‌తో తూస్తూ కూర్చున్నాను. ఆ మూడింతల ధర, కొట్టి ఆగే తలుపుకి. ముక్కూ మొహం తెలియని మనిషి ముందా అని మొదట గొణిగింది అక్క. మళ్లీ తనే, తెలియకపోవడమే నయంలే, జాలిపడడు అంది. ఒక్క షరతు పెట్టింది. నేనూ ఆ గదిలోనే, తనతోనే తినాలి. చూపు నా ప్లేటు దాటకూడదు.

ఇవాళ్టి నుంచే ప్రాక్టీసు. మధ్యాహ్నం నా ప్లేటు అంచు మీద పదకొండు నీలం పువ్వులున్నాయని తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఉన్న ప్లేటు.

మార్చి 16, సోమవారం

సూట్ బుక్ అయింది. బట్లర్ కోసం ఒక ఫారం ఇచ్చారు. మెత్తటి దిండా గట్టి దిండా, ఏ పూలు ఇష్టం, ఇలాంటి ప్రశ్నలు. అక్క అవన్నీ కొట్టేయించి వెనకవైపు నాచేత రాయించింది. కప్పు సగమే నింపాలి. గిన్నె లోతుగా ఉండాలి. స్పూన్ బరువుగా ఉండాలి. బరువెక్కువైతే ఊగడం తగ్గుతుందని నేను కారణం కూడా రాయబోయాను. నీ పాఠం అక్కర్లేదు, స్పూన్ పంపిస్తే చాలు అంది.

మార్చి 17

కూతురితో చెప్పాను. ఎవరికీ కనబడకుండా తినడానికి ఇంత ఖర్చా అంది. ఎవరికీ కనబడకుండా తినకపోవడం మాత్రం ఆరు నెలలు ఉచితంగా జరిగింది అన్నాను. పెద్దమ్మకి ఫోనివ్వు అంది. ఏడ్చినట్టుంది. అక్కే ఓదార్చింది, అరగంట. జబ్బెవరికో తెలియకుండా పోయింది.

మార్చి 29

అక్క కేజీన్నర పెరిగింది! టైలర్ బిగించిన కుట్లు విప్పనన్నాడు. విప్పించాను.

ఏప్రిల్ 12, ఆదివారం, ఓడ మీద

బట్లర్‌కి యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు గొలుసుతో మెళ్లో వేలాడుతున్నాయి. ఫారం చదివే వచ్చాడు. కప్పు సగం, గిన్నె లోతు, స్పూన్ తూకం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్క ట్రే అంతా ఒకసారి చూసి, సాసర్ అడుగు తడిగా ఉంది చూడండి అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అతను సాసర్ ఎత్తి చూసి, నిజమే మేడమ్ అని వేరేది తెచ్చాడు. మీరు ఎక్కడ పని చేశారని అడిగాడు. హాస్టల్ మెస్ అని చెప్పింది. అతను నిలబడే తీరే మారిపోయింది, పై అధికారి వచ్చినట్టు.

అతను వెళ్లాక ఇద్దరం తిన్నాం. ప్లేటు చూసి విసుగొస్తే సముద్రం చూసుకోవచ్చని అక్క నాకు పర్మిషన్ ఇచ్చింది.

మా గుంపు నుంచి రెండుసార్లు ఫోను, హాల్లోకి రారేమని. సూట్ వాళ్లం, మీతో కూర్చోం అన్నాను. నమ్మేశారు. నా గురించి వాళ్ల అభిప్రాయం ఏమిటో తెలిసింది.

ఏప్రిల్ 14, మంగళవారం

అక్కా బట్లరూ రోజూ పది నిమిషాలు సామాన్ల సంగతి మాట్లాడుకుంటున్నారు. అతను ఇదివరకు ఆ పెద్ద హాలు స్టోర్ చూసేవాడట. అక్కకి అంతకన్నా పండగ లేదు. స్టోర్ లిస్టు చూస్తే తినేవాళ్లు ఎలాంటివాళ్లో ఇట్టే చెప్పేస్తుందావిడ. బ్రెడ్డు మిగిలితే పిల్లలకి పరీక్షలు, పంచదార ఎగిరిపోతే ఎవరికో ఉద్యోగమొచ్చింది, ఇలా.

వెయ్యి మందికి పూటకి ఎన్ని నాప్‌కిన్లు ఉతుకుతారని అడిగింది. అతను చెప్పాడు. మెడకి కట్టుకునేవి అయితే వేరే, అవి రెండు వందలు అన్నాడు. ఓడలో అంతమంది చంటిపిల్లలున్నారా అంది అక్క. ఒక్కరూ లేరు మేడమ్, ఇవి బడి సెలవులు కాదుగా అన్నాడు. మూతలున్న కప్పులు? నూట అరవై. వంపు తిరిగిన స్ట్రాలు? పూటకో పెట్టె.

అతను వెళ్లిపోయాడు. అక్క చాలాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. భాగహారం చేస్తోందని నాకు తెలుసు.

బల్లకి ఒకటిన్నర మంది, నాలాంటివాళ్లు అంది చివరికి.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం

హాలు. గుండ్రటి బల్ల. ఎనిమిది మందిమి. అక్క సూప్ చెప్పింది.

షరతు ప్రకారం నా ప్లేటు చూస్తున్నాను, కాబట్టి విన్నదే రాస్తున్నాను. గిన్నెకి తగిలి ఒక స్పూన్ టకటకలాడింది. బల్లకి అటువైపు ఇంకొకటి. రెండోదాని ఫ్రీక్వెన్సీ ఎక్కువ.

అలా కాదండీ, మోచేతులు రెండూ బల్లకి ఆనించండి అంది అక్క గొంతు. ఆఁ, ఇప్పుడు ఎత్తండి. ఒలికితే ఒలికింది.

తర్వాత నాతో, తలెత్తవే, మెడ పట్టేస్తుంది అంది.