ఏరు మాట మానేసిన పొద్దు

గేట్ల దొరగారికి,

ప్రేమతో రాస్తున్నాను. మీ ఉత్తరం డ్యామ్ బస్సు డ్రైవరన్న ఇచ్చాడు. "సైరన్ మోగగానే గుట్ట మీది బడికి వెళ్ళిపోండి" అని రాశారు. ఎవరు వెళ్తారండీ? ప్రతి బుధవారం మధ్యాహ్నం పరీక్షకని మోగించీ మోగించీ దాన్ని మన వీధికి భోజనాల గంట చేసేశారు. నిన్న పొద్దున్నే మోగితే ఎదురింటి దర్జీ, "అప్పుడేనా? ఇంకా వంటే కాలేదే!" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అత్తయ్య సంగతి సరేసరి. మంచం దిగరు. "ఏటికి ఇది పుట్టిల్లే. ఒకప్పుడు మన వీధిలోంచే పారేది. చెల్లెలు వాగుతో పోట్లాడి నల్లబండ దగ్గర మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆడపిల్ల పుట్టింటి దారి మరిచిపోతుందా? కోపమొస్తే వస్తుంది. కానీ వచ్చేముందు మాట మానేస్తుంది. అది మూగబోయిన రోజు నేనే లేస్తా" అంటారు. పెద్దావిడే కదలనిది మనకేం తొందర అని వీధంతా కూర్చుంది.

ఇట్లు, మీ వాగుడుకాయ

*

ప్రియమైన వాగుడుకాయా,

ఇది నవ్వులాట కాదు. ఎగువ నుంచి వరదొచ్చి మా డ్యామ్ నిండిపోయింది. ఇప్పటికి మేం రెండు గేట్లే ఎత్తాం. రేపు పొద్దున అన్నీ ఎత్తక తప్పదంటున్నారు. అమ్మ చెప్పేది ఉత్త కథ కాదే. మా ఆఫీసు మ్యాపులోనూ మన వీధి ఏటి పాత దారే. నల్లబండ దగ్గర ఏటి కట్ట తెగితే నీళ్ళు సూటిగా మన గుమ్మంలోకే వస్తాయి.

గేట్ల మీటల మీద ఉండేది నా చెయ్యి. నా చేత్తో మిమ్మల్ని ముంచమంటావా? అమ్మని ఎత్తుకునైనా గుట్టెక్కు. నీకు దండం పెడతాను.

నీ దొర

*

ఏమండీ,

బతిమాలాను, ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను. దర్జీ, నేనూ కలిసి మంచంతో సహా ఎత్తబోతే కర్ర తీశారు. "ఏరింకా మాట్లాడుతూనే ఉంది, వినపడట్లా?" అని కసిరారు. అన్ని టన్నుల గేట్లు కదిలిస్తారు, కన్నతల్లిని కదిలించడం మీకూ రాదు, నాకూ రాదు.

ఆవిణ్ణి వదిలి నేను వెళ్ళను. తిట్టుకున్నా సరే. చాలా భయంగా ఉందండీ. డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు, ఇంక రాయలేను.

మీ నేను

*

ఏమండీ,

గుట్ట మీద బళ్ళో ఉన్నాం, అందరం బతికే ఉన్నాం. ముందు ఆ మాట చదవండి.

పొద్దున సైరన్ మోగింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి వీధిలో ఏదో వెలితి. చూస్తే ఏటి హోరు లేదు! ఇసుక బయటపడి, మడుగుల్లో చేపలు కొట్టుకుంటున్నాయి. అత్తయ్య మంచం మీంచి లేచి, "పదండర్రా" అని కర్ర తాటిస్తూ ముందు నడిచారు. వెనకాలే వీధి వీధంతా. దర్జీ కుట్టుమిషను నెత్తిన పెట్టుకున్నాడు. ఆఖరి మనిషి గుట్టెక్కాక ఒక్కసారిగా నీళ్ళొచ్చి కట్ట తెగింది. మన ఇంటి కప్పు మాత్రం కనిపిస్తోంది.

ఇంతకీ ఏరు ఎందుకు ఆగిందంటారు?

మీ వాగుడుకాయ

*

ప్రియమైన దానా,

ఏరు ఆగలేదు. నేనే ఆపాను.

అమ్మ మాట రాసిన నీ ఉత్తరం జేబులో ఉంది. అన్ని గేట్లూ ఎత్తే ముందు, ఎత్తి ఉన్న రెండూ దించేశాను. ఎవరినీ అడగలేదు. జలాశయం చూస్తుండగానే పైకి పొంగింది. గేట్ల మీంచి నీళ్ళు చిమ్ముతుంటే ఇంజినీరు నా చొక్కా పట్టుకున్నాడు. డ్యామే తెగితే అందరం పోయేవాళ్ళం. మీరు లేచారో లేదో తెలుసుకునే దారి లేదు. ఇంక ఆపితే కట్టడం నిలవదనిపించాక అన్నీ ఎత్తేశాను.

నన్ను గేట్ల పని నుంచి తప్పించారు. విచారణ ఉంది. వాళ్ళది తప్పనను. అమ్మకి మాత్రం చెప్పకు. ఆవిడ ఏరు ఆవిడకే ఉండనీ.

నీ దొర, ఇప్పుడు గేట్లు లేని దొర

*

ప్రియమైన మీకు,

చెప్పకుండా ఉండలేకపోయాను, నా నోటి సంగతి తెలిసిందేగా. అత్తయ్య వింటూ వింటూ నవ్వారు. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"ఒరేయ్, డ్యామ్ కట్టాక ఏరు తనంతట తాను ఎక్కడ మూగబోతుందిరా? ఆ మీట మీద ఎవరి చెయ్యి ఉందో నాకు తెలీదా? సైరన్ మోగించింది ఆఫీసువాళ్ళు. నన్ను పిలిచింది నువ్వు. కన్నకొడుకు పిలిస్తే లేవనా? విచారణకి నేనూ వస్తా, కర్ర తెచ్చుకుంటా."

రేపటి బస్సుకి బయల్దేరుతున్నాం. డ్యామ్ ఆఫీసు వాకిట్లో ఉండండి.

మీ వాగుడుకాయ